గుర్రం మనకేమవుతుందని అడిగేవాళ్ళకు

కోనసీమలో గుర్రం ఊసెత్తితే ముందుగా వినిపించే మాట ఒకటుంది. "గుర్రానికీ మనకీ ఏంటండీ సంబంధం? ఇది ఎద్దు దున్నిన నేల, పడవ నడిచిన నేల. గుర్రాలంటారా, అవి రాజులవీ దొరలవీ. ఇప్పుడైతే పందేలకీ పెళ్ళి ఊరేగింపులకీ." అమలాపురంలో అడిగినా, రాజోలులో అడిగినా, కొత్తపేటలో అడిగినా జవాబు ఇంచుమించు ఇదే. చదువుకున్నవాళ్ళు దీనికి ఇంకాస్త మెరుగుపెట్టి, గుర్రం భూస్వామ్యానికి గుర్తనీ, దాన్ని గౌరవించడమంటే జమీందారీ దర్పానికి దండం పెట్టడమేననీ అంటారు. 2004లో అమెరికా సెనేట్ డిసెంబరు 13ను గుర్రాల దినంగా పాటించమని తీర్మానించింది. 2025లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూలై 11ను ప్రపంచ అశ్వ దినంగా ప్రకటించింది. ఆ సంగతి చెప్పినా "వాళ్ళకి మైదానాలున్నాయి, మనకి కొబ్బరితోటలున్నాయి" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

ఈ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. ఇది చరిత్ర తెలియక అనే మాట అయితే సర్దుకోవచ్చు. కానీ దీనివల్ల ఇవాళ బతికున్న ఒక జంతువుకు అన్యాయం జరుగుతోంది. మన ప్రాణాలు నిలబెడుతున్న జంతువుకే మన లెక్కలో చోటు లేకుండా పోతోంది. అందుకే దీన్ని గట్టిగా ఖండించాలి.

ఎద్దు విషయంలో వాళ్ళన్నది నిజమే. బాడవ నేలలో గుర్రం దున్నలేదు, ఊబిలో దాని గిట్ట దిగబడిపోతుంది. ఈ సీమను దున్నింది ఎద్దూ దున్నపోతూ. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య వంతెనలు లేని రోజుల్లో ధాన్యాన్నీ కొబ్బరికాయల్నీ దాటించింది పడవా పంటూ. కాలవలో పడవకు తాడు కట్టి గట్టుమీద నడుస్తూ లాగింది కూడా మనుషులే. అంతవరకూ సరే. అయితే తక్కువగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. కోనసీమలో గుర్రాలు ఎప్పుడూ తక్కువే. దాన్ని పట్టుకుని వాటితో మనకు సంబంధమే లేదని తీర్పు చెప్పడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

ముందు మన గుడి సంగతే చూడండి. సఖినేటిపల్లి మండలం అంతర్వేదిలో, వసిష్ఠ సముద్రంలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామి వెలిశాడు. ఇప్పుడున్న ఆలయాన్ని బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మ పూనుకుని కట్టించగా 1823లో పూర్తయింది. ఆ క్షేత్రం కథ ఇది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడికి ఒక వరం ఉంది. అతని నెత్తురు నేలమీద పడితే ఎన్ని ఇసుక రేణువులు తడుస్తాయో అంతమంది రాక్షసులు పుడతారు. వసిష్ఠుడి మొర విని నరసింహుడు వచ్చి యుద్ధం చేస్తే, కొట్టిన కొద్దీ రాక్షసులు పుట్టుకొస్తూనే ఉన్నారు. అప్పుడు స్వామి ఒక శక్తిని పుట్టించి, ఆ నెత్తురు నేలరాలకుండా ఆమెచేత పట్టించాడు. ఆ శక్తి పేరు అశ్వారూఢాంబిక. ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమెను గుర్రాలక్క అని పిలుచుకుంటారు. ఆమెకు వేరే గుడి ఉంది. స్వామికి ఆమె తోబుట్టువు వరస. మాఘమాసంలో కల్యాణం జరిగాక భీష్మ ఏకాదశినాడు రథం కదిలి గుర్రాలక్క గుడి దగ్గరికి వెళుతుంది. అన్నగారి తరఫున చీరా సారే అందుతాయి.

గుర్రంతో మనకు ఏ చుట్టరికమూ లేదనే ఊళ్ళలోంచే వేలమంది ఏటా వెళ్ళి ఆ రథం తాడు పట్టుకుంటున్నారు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు సీమ అంతా తల్లడిల్లింది. మరుసటి ఫిబ్రవరికల్లా కొత్త రథం సిద్ధమైతే ఊపిరి పీల్చుకుంది. రథం మీద అంత ప్రేమ ఉన్న మనం అది ఎవరింటికి సారె మోసుకుపోతోందో కూడా గుర్తుపెట్టుకోవాలి. మన పల్లెకారులూ రైతులూ అమ్మవారిని గుర్రమెక్కించి, ఆ పేరుతోనే అక్కను చేసుకున్నారు. గుర్రమంటే పరాయి అనుకున్న జనం చేసే పని కాదది.

అది భక్తి, చరిత్ర వేరు అంటారేమో. చరిత్రకే పోదాం. తెలుగు తీరంలోని వేడికీ తేమకూ మేలుజాతి గుర్రాలు పుట్టిపెరగవు. కాబట్టి గుర్రం మనది కాదని వాదిస్తారు. నిజానికి ఈ కారణం వల్లే గుర్రం మన ఆర్థిక చరిత్రలో అంత పెద్ద సరుకైంది. ఇక్కడ పుట్టదు కాబట్టి సముద్రం దాటించి తెచ్చుకోవాలి. తేవాలంటే రేవు కావాలి, ఓడ కావాలి, సెట్టి కావాలి, అతనికి భద్రత కావాలి. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించింది ఓడ వర్తకుల భయం పోగొట్టడానికే. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి తెప్పించే సరుకులను ఏకరువు పెడుతూ, సింహళం ఏనుగులతో పాటు హురుమంజి గుర్రాలను కూడా చెప్పాడు. హురుమంజి అంటే పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్. ఆ శ్రీనాథుడే రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువుకొచ్చి, గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న దాక్షారామం మీద భీమేశ్వర పురాణం రాశాడు. అంటే హోర్ముజ్ గుర్రాల సంగతి మన గోదావరి ఒడ్డున తిరిగిన కవికి బాగా తెలిసిన సంగతే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగుచేసి, దూరదేశాల నుంచి గుర్రాలూ ఏనుగులూ తెచ్చే వర్తకులను మంచి ధరతోనూ మర్యాదతోనూ మనవైపు నిలుపుకోవాలన్నాడు. లేకపోతే ఆ గుర్రాలు శత్రువుకు పోతాయి. ఒక జంతువు చుట్టూ పన్నుల విధానం, రేవుల విధానం, పరదేశీ వర్తకుల పట్ల మర్యాద, ఇన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. అది మన చరిత్ర కాకపోతే ఇంకెవరిది?

దీనికి మరోవైపు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి గుర్రాన్ని పొగడటం నాకిష్టం లేదు. దక్షిణాది రాజులు ఏటా గుర్రాలకు అంతులేని ధనం పోస్తారనీ, వాటిని చూసుకోవడం తెలియక చాలా చచ్చిపోతాయనీ మార్కోపోలో రాశాడు. ఆ ధనం రైతు కట్టిన పన్నే. ఓడ దిగిన గుర్రం యుద్ధానికే పోయేది. కాబట్టి గుర్రం దర్పానికి గుర్తనేవాళ్ళ వాదనలో కొంత పస ఉంది. అయితే ఆ దర్పం ఎవరిది? రౌతుది. గుర్రానిది కాదు, దానికి గుగ్గిళ్ళు ఉడకబెట్టినవాడిది అసలే కాదు. గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి, జాయప పేరు నృత్తరత్నావళి వల్ల నిలిచింది. గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యం రాసిన మనుమంచిభట్టు పేరు కూడా సాహిత్య చరిత్రల్లో ఉంది. తెల్లవారుజామున లేచి సాలలో పేడ ఎత్తి, మాలీసు చేసి, గిట్టలో ఇరుక్కున్న రాయి తీసి, లాడం కొట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. గుర్రాన్ని రాజు ఖాతాలో రాసేసి, దర్పం పేరుతో దాన్ని కొట్టేస్తే, ఈ పనివాడి శ్రమను కూడా కొట్టేసినట్టే. భూస్వామ్యాన్ని వ్యతిరేకించేవాళ్ళు ముందు ఇది ఆలోచించాలి. జీను మీద కూర్చున్నవాడి గర్వానికి జీను కింద ఉన్నదాన్ని శిక్షించడం అన్యాయం.

రాజులకు మాత్రమే పనికొచ్చిందన్నది కూడా నిజం కాదు. డెల్టాలో కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. వాటిలో గుర్రం మీద కూర్చున్నవి కూడా ఉన్నాయి. శిల్పి అందం కోసం పెట్టిన గుర్రం కాదది. 1832-33 కరువు గోదావరి జిల్లాను ఊడ్చేశాక, 1840ల్లో ఆర్థర్ కాటన్ నదిని పరిశీలించి, ఆనకట్ట ఎక్కడ కట్టాలో, కాలవలు ఎటు పోవాలో చూసుకున్నాడు. రోడ్డూ రైలూ లేని రోజుల్లో ఆ కొలతల పని పడవలోనూ, కాలినడకనా, గుర్రం మీదా జరిగింది. 1847లో పని మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందుతోంది. మే 15న ఆ విగ్రహాలకు దండలు వేస్తున్నప్పుడు, గుర్రం ఉన్నచోట ఒక పూలదండ దానికీ వేయమంటాను. ఇది వింతగా తోచేవాళ్ళకు ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకం గురించి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ ఆశ్విక దళాల గుర్తుగా అది వెలిసింది. గుర్రపు దళాల స్మారకంలో ఈటెలు పట్టుకుని నిలబడ్డ ముగ్గురు మనుషులున్నారు. గుర్రం లేదు. మరపు మన సీమదే కాదు, దేశానిది.

జట్కా సంగతి మీలో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. రాజమండ్రి, కాకినాడ స్టేషన్ల బయట ఆటోలు రాకముందు రోగిని ఆసుపత్రికీ, కొత్త పెళ్ళికూతురిని అత్తవారింటికీ చేర్చింది జట్కాయే. బండివాడు అందులో ఎక్కినవాళ్ళకంటే బీదవాడు. ఇంట్లో గంజి లేకపోయినా గుర్రానికి ఉలవలు తప్పేవి కావు. గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువా అన్న సామెత విసుగులోంచే పుట్టినా, అందులో ఆ ఇంటి లెక్క ఉంది. ఆ ఉలవలు మెట్టరైతు పంట. జట్కా కట్టినవాడు, చక్రానికి ఇనపపట్టా వేసిన కమ్మరి, తోలు కుట్టినవాడు, లాడం కొట్టినవాడు, గడ్డికోసి మోపులు అమ్మిన ఆడవాళ్ళు, ఇంతమందికి ఆ ఒక్క జంతువు కూలి ఇచ్చింది. గుర్రం దొరలదన్న మాట ఈ ఇళ్ళలో ఎవరైనా ఒప్పుకుంటారా?

"సరే, అవన్నీ పాత కథలు. ఇప్పుడు గుర్రంతో పనేముంది? మోటారు వచ్చింది, గుర్రం పోయింది" అన్నది వాళ్ళ ఆఖరి అస్త్రం. బలమైనదిగా కనిపించేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

నా జవాబు పాముతో మొదలవుతుంది. కోనసీమలో పాము ఎక్కడుంటుందో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కొబ్బరి డొక్కల పోగులో, ఎండుమట్టల కింద, గడ్డిమేటులో, ఊడ్పుల వేళ చేనిగట్టు బొరియలో. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళ పక్కలోకే వస్తుంది. దాని కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. గోదావరికి వరదొస్తే లంకల్లో మనుషులూ పాములూ ఒకే మెరక వెతుక్కుంటారు. 2018 వానాకాలంలో మన పక్క డెల్టాలో, కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలమంది. మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు మధ్య, పొలం పనుల కాలంలోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు, పనిచేసే వయసులో ఉన్నవాళ్ళు.

ఈ కాటుకు మందు ఒకటే ఉంది. ఆసుపత్రిలో దాన్ని కలుపుతుంటే దగ్గరగా చూడండి. బొటనవేలంత గాజుసీసా అడుగున తెల్లటి పొడి గడ్డకట్టి ఉంటుంది. నర్సమ్మ సూదితో 10 మిల్లీలీటర్ల నీళ్ళు అందులోకి వదిలి, సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతుంది. ఊపకూడదు, ఊపితే నురగ కడుతుంది. బయట బంధువులు తొందరపెడుతున్నా ఆ పొడి కరిగేదాకా ఆగాల్సిందే. అలాంటి సీసా ఒక్కటి చాలదు. విషం లక్షణాలు కనిపిస్తే మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. పసివాడికైనా పెద్దవాడికైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి బరువును బట్టి తగ్గదు. ఆ సీసా మీద సన్నటి అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది, ఇది ఈక్విన్ మందు అని. గుర్రం నెత్తురులోంచి వచ్చిందని దాని అర్థం.

ఆ నెత్తురు ఎలా వస్తుందో కూడా తెలియాలి. 1978లో చెన్నై దగ్గర ఏర్పడ్డ ఇరుళ గిరిజనుల సహకార సంఘంవాళ్ళు పాములు పట్టి, విషం తీసి, పాములను వదిలేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని అతి కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. కొన్నాళ్ళు ఆగి కొంచెం పెంచి మళ్ళీ ఎక్కిస్తారు. ఇలా నెలల తరబడి సాగుతుంది. గుర్రం ఒళ్ళు ఆ విషంతో పోరాడి విరుగుడును తయారుచేసుకుంటుంది. అప్పుడు మెడనరం నుంచి రక్తం తీసి, పసుపురంగు ప్లాస్మా వేరుచేసి, ఎర్రకణాలను తిరిగి గుర్రానికే ఎక్కిస్తారు. ఆ ప్లాస్మాను శుద్ధిచేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్నో, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్నో విరిచేయగలగాలన్నది మన దేశపు ప్రమాణం. ముంబయిలో హాఫ్‌కిన్, హిమాచల్‌లో కసౌలీ కేంద్ర పరిశోధన సంస్థ, తెలంగాణలోని కొత్తూరులో విన్స్ వంటివి ఈ పని చేశాయి. కసౌలీ గుర్రమో, కొత్తూరు గుర్రమో తన ఒంట్లో విషం దాచుకుంటేనే సఖినేటిపల్లి రైతుకూలీ మళ్ళీ గట్టుమీదికి నడిచి వస్తున్నాడు.

ఈ మందు పుట్టుక కూడా ఒక డెల్టాలోదే. 1890ల మొదట్లో ఫ్రెంచి వైద్యుడు అల్బర్ట్ కాల్మెట్ సైగాన్‌లో ఉండగా, మెకాంగ్ డెల్టాలో వరదొచ్చి నాగుపాములు ఊళ్ళోకి చొరబడి మనుషుల్ని కరిచాయి. అక్కడినుంచే ఆయన విరుగుడు వెతకడం మొదలుపెట్టి, చివరికి గుర్రాల నుంచి సీరం తీశాడు. వరిచేలూ వరదలూ పాములూ ఉన్న నేల కష్టమే ఆ మందుకు దారితీసింది. గుర్రం గడ్డిమైదానాల దేశాలకే పనికొస్తుందనేవాళ్ళు ఈ సంగతి వినాలి. కంఠసర్పి మందుకు కూడా ఎక్కువగా గుర్రమే ఆధారమైంది. ఆ సీరం చికిత్సకే 1901లో ఎమిల్ బేరింగ్‌కు వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది. పిచ్చికుక్క కాటుకు, వ్యాక్సిన్‌తో పాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా చాలా చోట్ల ఇప్పటికీ గుర్రం నుంచి వచ్చేదే.

ఇప్పుడు గుర్రాలక్క కథను ఇంకోసారి తలచుకోండి. నేలమీద పడితే ప్రాణాలు తీసే నెత్తురును పట్టి జనాన్ని కాపాడిన అమ్మకు మన పెద్దలు గుర్రాన్ని వాహనం చేశారు. వాళ్ళకు సీరం గురించి తెలుసని అనను, అలా అంటే పురాణానికీ శాస్త్రానికీ రెండింటికీ ద్రోహం. కానీ ఆ పూజకు ఈ కాలంలో ఇంతకంటే సరైన అర్థం నాకు తోచదు.

ఈ సీరంతో ఇబ్బందులున్నాయి. కొందరికి గుర్రపు ప్రొటీను పడక దద్దుర్లూ ఆయాసమూ వస్తాయి, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. అన్ని పాములకూ ఇది పనిచేయదు. ప్రయోగశాలలో తయారుచేసే యాంటీబాడీలు గుర్రాన్ని పక్కకు తప్పిస్తాయని కొందరంటున్నారు. తప్పిస్తే మంచిదే, ఆ రోజున సంతోషించేవాళ్ళలో నేనూ ఉంటాను. కానీ ఇవాళ రాత్రి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్నది గుర్రం ఇచ్చిన సీసాయే. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం కూడా గుర్రం నెత్తురు మీదే ఆధారపడి ఉంది. ట్రాక్టరు ఎద్దును చాలావరకు తప్పించింది, ఆటో జట్కాను తప్పించింది. ఈ పనిలో గుర్రం చోటును మోటారు తీసుకోలేకపోయింది.

మన్యం వైపు చూస్తే ఇంకో సంగతి. పాడేరు, హుకుంపేట చుట్టుపక్కల కొండఊళ్ళలో రోడ్డు చేరనిచోట ఇప్పటికీ పొట్టి గుర్రాలే మిరియాల బస్తా, కాఫీ బస్తా సంతకు మోస్తాయి. తిరుగుప్రయాణంలో రేషను బియ్యం తెస్తాయి. ఎన్నికలప్పుడు పోలింగు సామాన్లు మోసిన గుర్రాలు కూడా ఉన్నాయి. గుర్రం కాలం చెల్లిందనేవాళ్ళు ఆ సంతలో ఒక పూట గడిపి రావాలి. అక్కడ గుర్రం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా బస్తా ధరలోనే తెలుస్తుంది.

ఇంతకీ ఈ చర్చంతా ఎందుకు, గుర్రాన్ని గౌరవించకపోతే దానికేమైనా తెలుస్తుందా అని అడగవచ్చు. గౌరవం మన మనసుల్లో ఉంటే చాలదు, అది సంరక్షణగా మారాలి కాబట్టే ఈ చర్చ. 2012 పశుగణనలో దేశంలో 6 లక్షల పైచిలుకున్న గుర్రాలూ పోనీలూ 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్ళలో 45 శాతం తగ్గుదల. సంఖ్య తగ్గితే వాటికి లాడం కొట్టేవాళ్ళూ, జబ్బు గుర్తుపట్టే పశువైద్యులూ తగ్గిపోతారు. అది మనకూ ముప్పే, గుర్రాల్లో వచ్చే గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు. సీరం కేంద్రాల్లో గుర్రాల పరిస్థితి మీద జంతు సంక్షేమ తనిఖీలు గతంలో గట్టి ప్రశ్నలే వేశాయి. "గుర్రం మనది కాదు" అని తేల్చేసిన సమాజంలో ఆ ప్రశ్నలు అడిగేదెవరు? ఎద్దుకు కనుమ ఉంది, కొమ్ములకు రంగులున్నాయి, దాని పేరుమీద పండగ ఉంది. గుర్రానికి అవేమీ లేవు. ఎద్దు వాటా తగ్గించమని నేను అడగడం లేదు. ఎద్దును పూజించే ఇంట్లో మేలు చేసిన ఇంకో జంతువును తలచుకోవడానికి చోటు చాలకపోదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. విషం మోసి, ఏళ్ళతరబడి రక్తం ఇచ్చి ముసలిదైన ప్రతి సీరం గుర్రానికీ చివరిదాకా మేత, నీడ, వైద్యం సంస్థే భరించాలని ప్రభుత్వం నియమం పెట్టి అమలు చేయాలి. మందు కొనే టెండరులోనే ఆ షరతు రాయవచ్చు. సంతకు బస్తాలు మోసే పొట్టి గుర్రంచేత 70 కిలోలకు మించి మోయించకూడదని 1965 నాటి బరువులు మోసే జంతువుల నియమాలు చెబుతున్నాయి. వాటిని పోలీసు స్టేషన్లలోనూ పశువుల ఆసుపత్రుల్లోనూ తెలుగులో గోడమీద రాయించాలి. పాముకాటు మీద పల్లెల్లో అవగాహన సభలు పెట్టేటప్పుడు, మంత్రగాడి దగ్గరికి పోవద్దని చెప్పడంతో పాటు ఈ మందు ఎవరిచ్చిందో కూడా పిల్లలకు చెప్పాలి. ఉపాధ్యాయులు తలచుకుంటే ఇది రేపే మొదలవుతుంది.

ఇక మీ చేతిలో ఉన్నది ఒకటుంది. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాల్లో మన ఊళ్ళలో పెళ్ళికొడుకును గుర్రమెక్కించడం ఇప్పుడు మామూలైపోయింది. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు జంతువుచేత పని చేయించకూడదు. ముళ్ళ కళ్ళెం వేయడం నేరం. ఈ రెండూ పైన చెప్పిన నియమాల్లోనే ఉన్నాయి. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందు ఆ గుర్రం నోరు ఒకసారి చూడండి. పెదాల మూలలు చీలి ఉన్నా, కళ్ళేనికి ముళ్ళున్నా అక్కడే ఆ బేరం వదిలేయండి. ఊరేగింపు సాయంత్రానికి పెట్టుకోండి, డీజే పెట్టెను దాని చెవి పక్కన పెట్టనివ్వకండి, దిగగానే తొట్టెడు నీళ్ళు పెట్టించండి.